పెన్‌డ్రైవ్ మీద లినక్స్: అరుగుదల తగ్గాలంటే ముందు ఎవరు రాస్తున్నారో చూడాలి

మీ పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తగిలించే సాటా కనెక్టరే పాడైపోవడంతో, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో డెబియన్ 12 అనే లినక్స్ రకాన్ని ఎక్కించి రోజంతా దాని మీదే పని చేసుకుంటున్నారు. ర్యామ్ 4 జీబీ. ఏడాదిలో రెండు పెన్‌డ్రైవ్‌లు పోయాయి. మూడోదానికి నోఎటైమ్ (ఫైలు చదివిన సమయాన్ని రాయనివ్వని సెట్టింగ్) పెట్టారు. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా రాసిపెట్టుకునే జర్నల్‌ను కూడా తీసేస్తే మరికొంత కాలం మన్నుతుందా అని అడిగారు.

జర్నల్‌ను తీయవద్దు. నోఎటైమ్‌ను అలాగే ఉంచండి గానీ, దానివల్ల కలిగే మేలు మీరు అనుకుంటున్న దానికన్నా చాలా తక్కువ. మీ పెన్‌డ్రైవ్‌లను అరగదీసినది ఎన్ని గిగాబైట్లు రాశారన్నది కాదు, ఎంత చిన్న చిన్న ముక్కలుగా, ఎంత తరచుగా, అప్పటికప్పుడు రాసి తీరాలన్న పట్టుదలతో రాశారన్నది. అలా రాస్తున్న ప్రోగ్రాములు సాధారణంగా రెండో మూడో ఉంటాయి. వాటిని పట్టుకుంటే మిగిలిన సర్దుబాట్లలో చాలా వాటి అవసరమే ఉండదు.

పెన్‌డ్రైవ్‌లోని మెమరీ చిప్‌లో, అంటే నాండ్ ఫ్లాష్‌లో, రాత పేజీల చొప్పున జరుగుతుంది. ఒక పేజీ 4 నుంచి 16 కేబీ వరకు ఉంటుంది. చెరపడం మాత్రం బ్లాకు చొప్పుననే జరుగుతుంది. ఒక బ్లాకు కొన్ని వందల కేబీల నుంచి అనేక ఎంబీల వరకు ఉంటుంది. ఒకసారి రాసిన పేజీ మీద, ఆ బ్లాకు మొత్తాన్ని చెరపకుండా మళ్లీ రాయడం కుదరదు. పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి, ఉన్నదంతా మళ్లీ రాయవలసి వచ్చినట్టు ఉంటుంది ఆ పని. ప్రతి తుడుపుకూ బ్లాకు కొంత అరుగుతుంది. ఒక్కో సెల్‌లో ఒక్క బిట్ మాత్రమే దాచే పాత ఎస్‌ఎల్‌సీ చిప్‌లు లక్ష తుడుపుల దాకా తట్టుకునేవి. రెండు బిట్లు దాచే ఎంఎల్‌సీ కొన్ని వేలు. ఈ రోజు ఎక్కువగా దొరికే, మూడు బిట్ల టీఎల్‌సీ వెయ్యి నుంచి మూడు వేల వరకు. నాలుగు బిట్ల క్యూఎల్‌సీ అంతకన్నా తక్కువ.

ఈ అరుగుదలను అన్ని బ్లాకులకూ సమంగా పంచే బాధ్యత లోపలి కంట్రోలర్ చిప్‌ది. ఎస్‌ఎస్‌డీలోని కంట్రోలర్ ఏ పేజీ ఎక్కడ ఉందో వివరమైన పట్టికలో రాసుకుంటుంది కాబట్టి, చెదురుమదురు రాతలను పోగేసి ఖాళీ బ్లాకులో వరుసగా పెట్టగలదు. చవక పెన్‌డ్రైవ్‌లోని కంట్రోలర్‌కు అంత స్తోమత లేదు. ఫోటోలు, వీడియోలు వరుసగా కాపీ చేసుకోవడం కోసం తయారైన వస్తువు అది. ఒకేసారి కొద్ది బ్లాకులను మాత్రమే తెరిచి ఉంచుకోగలదు, వేరే చోట రాయమనగానే తెరిచిన దాన్ని సర్ది మూసి, మరో బ్లాకును తెరవాలి. 4 కేబీ రాత కోసం 4 ఎంబీ బ్లాకు మొత్తాన్ని తిరగరాయవలసి వస్తే, మనం రాసిన దానికి 1024 రెట్లు చిప్ మీద పడుతుంది. ప్రతి రాతా అంత దారుణంగా ఉండదు, కానీ పదిరెట్లా వంద రెట్లా అన్న తేడాతోనే పరికరం ఆయుష్షు తేలిపోతుంది.

నేను ఇది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. భీమవరం దగ్గర రొయ్యల చెరువుల గట్టు మీద నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే ఆరు రాస్ప్‌బెర్రీ పై బోర్డులను (ఎస్‌డీ కార్డు మీద నడిచే చిన్న కంప్యూటర్లను) మిత్రుడి కోసం అమర్చాను. నేను రాసిన స్క్రిప్టు సెకనుకొక కొలతను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో చేర్చి, ప్రతిసారీ కమిట్ చేసేది, అంటే రాసినదాన్ని ఖాయం చేసేది. ఒక కొలత 50 బైట్లు. రోజుకు 86,400 కొలతలు. అంటే అసలు సమాచారం రోజుకు 4 ఎంబీ పైచిలుకు మాత్రమే. అంత కొద్ది రాతకు కార్డు ఎందుకు అరుగుతుందని నేను లెక్కే వేయలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి మూడు కార్డులు పోయాయి. అర్ధరాత్రి ఆక్సిజన్ పడిపోయినప్పుడు ఏరేటర్ వేయమని చెప్పవలసిన బోర్డు మూగబోతే రైతుకు ఎంత నష్టమో గోదావరి జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పుడు కూర్చుని లెక్క వేశాను.

ఎస్‌క్యూలైట్ తన మామూలు పద్ధతిలో ఒక్క కమిట్‌కు ముందుగా ఒక జర్నల్ ఫైలును సృష్టించి, పాత పేజీలను అందులో రాసి, డిస్కుకు చేరిందని నిర్ధారించుకొని, తర్వాత డేటాబేస్‌ను మార్చి, దాన్నీ నిర్ధారించుకొని, చివరకు జర్నల్ ఫైలును తొలగిస్తుంది. వీటన్నింటికీ ఫైల్ సిస్టమ్ తన వంతు రాతలు రాసుకుంటుంది. కమిట్‌కు 32 కేబీ చొప్పున వేసుకున్నా రోజుకు 2.76 జీబీ అవుతుంది. వెయ్యి తుడుపులు తట్టుకునే 32 జీబీ కార్డు మొత్తం మీద 32 టీబీ రాత మోయగలదు. కంట్రోలర్ దగ్గర రాత పదిరెట్లు పెరిగితే ఆ కార్డు మూడేళ్లకు పైగా ఉంటుంది. వంద రెట్లు పెరిగితే నాలుగు నెలలు కూడా నిలవదు. మా కార్డులు రెండో లెక్కకు దగ్గరగా పోయాయి. స్క్రిప్టును మార్చి, కొలతలను మెమరీలో దాచి, ఐదు నిమిషాలకొకసారి ఒకే లావాదేవీగా రాయించాను. రోజుకు 86,400 కమిట్లు 288కి దిగాయి. ఆ తర్వాత వేసిన కార్డులు ఇప్పటికీ నడుస్తున్నాయి. నోఎటైమ్ ఆ బోర్డుల్లో మొదటి రోజు నుంచీ ఉంది. మూడు కార్డులు పోవడాన్ని అది ఆపలేదు.

కాబట్టి మీరు కూడా కొలతతో మొదలుపెట్టండి. సిస్ డైరెక్టరీలో బ్లాక్ అన్న ఫోల్డర్ కింద మీ పెన్‌డ్రైవ్ పేరుతో, అంటే ఎస్‌డీఏ అనో ఎస్‌డీబీ అనో ఉన్న చోట, స్టాట్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఐదో అంకె ఇప్పటిదాకా జరిగిన రాతల సంఖ్య. ఏడో అంకె రాసిన సెక్టార్ల సంఖ్య. ఒక సెక్టార్ 512 బైట్లు కనుక ఏడో అంకెను 2048తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. రోజూ చేసే పని చేసుకుంటూ ఒక గంట మొదట్లోనూ చివర్లోనూ ఈ రెండు అంకెలనూ నోట్ చేసుకోండి. గంటలో రాసిన ఎంబీల కన్నా, సెక్టార్ల తేడాను రాతల తేడాతో భాగిస్తే వచ్చే సగటు మీకు ఎక్కువ చెబుతుంది. సగటు రాత 8, 16 సెక్టార్ల దగ్గర తచ్చాడుతుంటే అది 4, 8 కేబీల చిల్లర రాత. పెన్‌డ్రైవ్‌కు విషం అదే. కొత్తగా సిస్టమ్ ఎక్కించిన మొదటి గంటల్లో మాత్రం ఈ కొలత చేయకండి. ఎక్స్‌టీ4 అప్పుడు ఫైళ్ల వివరాలు ఉంచే తన ఐనోడ్ పట్టికలను వెనుక నుంచి నింపుకుంటూ ఉంటుంది, ఆ రాత ఒకసారితో అయిపోతుంది.

తర్వాత రాసేదెవరో చూడాలి. ఐఓటాప్ కమాండ్‌ను మొత్తాలు కూడే ఆప్షన్‌తో అరగంట నడిపితే ఏ ప్రోగ్రాము ఎంత రాసిందో కనబడుతుంది. ఆ పట్టికలో పైన తరచూ జేబీడీ2 అని కనబడేసరికి, జర్నలే దొంగ అని చాలామంది తీర్మానిస్తారు. జర్నల్ తీసేయమని ఎవరైనా మీకు సలహా ఇచ్చి ఉంటే వారూ అక్కడే పొరబడి ఉంటారని అనుకుంటున్నాను. జేబీడీ2 ఇతరుల తరఫున రాసే గుమాస్తా మాత్రమే. దానికి పని చెబుతున్నదెవరో తెలియాలంటే ఫేట్రేస్ అనే చిన్న ప్రోగ్రామును వేసుకోండి. ఏ ప్రోగ్రాము ఏ ఫైలులో రాస్తోందో అది పేరుతో సహా చూపిస్తుంది. డెబియన్ ప్యాకేజీల్లో ఈ రెండూ ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌లో ఈ పరీక్ష చేసినప్పుడు నాకు దాదాపు ప్రతిసారీ మొదట కనబడేది బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ తన కుకీలను, చరిత్రను ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లలోనే దాచుకుంటుంది. పైగా తెరిచి ఉన్న ట్యాబ్‌ల జాబితాను 15 సెకన్లకొకసారి రాస్తుంది. వీటికి తోడు డిస్కు క్యాష్ ఉంది. అడ్రసు పట్టీలో అబౌట్ కాన్ఫిగ్ తెరిచి, డిస్కు క్యాష్‌ను ఆపేసి, సెషన్‌స్టోర్ ఇంటర్వెల్‌ను 15,000 నుంచి 3,00,000 మిల్లీసెకన్లకు, అంటే ఐదు నిమిషాలకు పెంచండి. కరెంటు పోతే చివరి ఐదు నిమిషాల్లో తెరిచిన ట్యాబ్‌లు తిరిగి రాకపోవచ్చు, అంతే. ఇది చాలకపోతే ప్రొఫైల్ సింక్ డీమన్ అనే ప్యాకేజీ ఉంది. అది బ్రౌజర్ ప్రొఫైల్ మొత్తాన్ని ర్యామ్‌లో పెట్టి, గంటకొకసారి పెన్‌డ్రైవ్‌తో సరిచూస్తుంది. మీకున్న 4 జీబీలో ప్రొఫైల్ 200 ఎంబీ లోపు ఉంటే నిశ్చింతగా వాడవచ్చు, అంతకు మించితే ముందుగా పాత చరిత్రను తగ్గించుకోండి.

నోఎటైమ్, కమిట్ వ్యవధి వంటి మీటలు ఎందుకు ఆశించినంత ఫలితం ఇవ్వవో కూడా ఇక్కడే చెప్పాలి. లినక్స్‌కు మూలమైన కెర్నల్ మామూలుగా రాతలను వెంటనే పరికరానికి పంపదు. మార్పు జరిగిన సమాచారాన్ని 30 సెకన్ల వరకు మెమరీలో ఉంచి, ఐదేసి సెకన్లకు ఒకసారి చూసుకుంటూ, పాతబడిన దాన్ని రాస్తుంది. ఎక్స్‌టీ4 కూడా తన జర్నల్‌ను ఐదు సెకన్లకొకసారి కమిట్ చేస్తుంది. దీన్ని, డిస్కులను ఎలా తెరవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌టాబ్ ఫైలులో 60 సెకన్లకు పెంచుకోవచ్చు. నేను పెంచుతాను కూడా. కానీ ఒక ప్రోగ్రాము ఎఫ్‌సింక్ అని పిలిచిందంటే ఈ వాయిదాలన్నీ పక్కకు పోతాయి, అప్పటికప్పుడు రాయవలసిందే. డేటాబేస్‌లూ, బ్రౌజర్లూ, ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ మాటిమాటికీ పిలిచేది దాన్నే. అందుకే కెర్నల్ మీటలను తిప్పడం కన్నా, ఎఫ్‌సింక్ పిలిచే ప్రోగ్రామును నెమ్మదింపజేయడం ఎన్నో రెట్లు మేలు. మీ సొంత డేటాబేస్ ఏదైనా ఉంటే, ఎస్‌క్యూలైట్‌ను, మార్పులను ముందుగా వేరే ఫైలు చివర చేర్చే వాల్ పద్ధతికి మార్చి, సింక్రనస్ సెట్టింగ్‌ను నార్మల్‌లో పెట్టండి. ప్రతి కమిట్‌కూ కాకుండా, ఆ మార్పులను అసలు డేటాబేస్‌లోకి చేర్చే చెక్‌పాయింట్ వచ్చినప్పుడు మాత్రమే ఎఫ్‌సింక్ జరుగుతుంది. కరెంటు పోతే చివరి కొన్ని కమిట్లు పోవచ్చు గానీ డేటాబేస్ చెడిపోదు.

ఎటైమ్ సంగతి కూడా ఇలాంటిదే. ఫైలు చదివినప్పుడల్లా చదివిన సమయాన్ని రాయడం ఒకప్పుడు నిజంగానే పెద్ద బెడద. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి రెల్‌ఎటైమ్ మామూలు పద్ధతి అయింది. ఫైలు మారిన తర్వాత మొదటిసారి చదివినప్పుడు, లేదా పాత ఎటైమ్‌కు 24 గంటలు దాటినప్పుడు మాత్రమే అది రాస్తుంది. నోఎటైమ్ దాన్నీ ఆపుతుంది. రోజూ అన్ని ఫైళ్లనూ చదివే బ్యాకప్ నడిపేవారికి ఆ తేడా తెలుస్తుంది. మిగిలిన వారికి పెద్దగా తెలియదు.

జర్నల్‌ను ఎందుకు తీయవద్దన్నానంటే, ఎక్స్‌టీ4 మామూలు పద్ధతిలో జర్నల్‌లోకి ఫైళ్లలోని సమాచారం వెళ్లదు, ఫైల్ సిస్టమ్ నిర్మాణానికి సంబంధించిన మార్పులు మాత్రమే వెళ్తాయి. అవి కూడా ఒకే చోట వరుసగా రాసేవి. దాన్ని తీస్తే ఆదా అయ్యే రాత కొంచెమే. పెన్‌డ్రైవ్ చేయి తగిలి ఒకసారి కదిలినా, కరెంటు ఒకసారి పోయినా ఫైల్ సిస్టమ్ మొత్తాన్ని పరీక్షించి మరమ్మతు చేసుకోవలసి వస్తుంది, ఒక్కోసారి ఫైళ్లు పేర్లు లేకుండా లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలుతాయి. ల్యాప్‌టాప్ పక్కకు పొడుచుకొని ఉన్న పెన్‌డ్రైవ్‌కు ఆ ప్రమాదం అరుగుదల కన్నా ఎక్కువ.

లాగ్‌ల విషయం త్వరగా చెబుతాను. లాగ్‌లు రాసే సిస్టమ్‌డీ జర్నల్‌డీ కాన్ఫిగరేషన్‌లో స్టోరేజ్‌ను వోలటైల్ అని మార్చి, రన్‌టైమ్ గరిష్ఠ పరిమాణాన్ని 32 ఎంబీగా పెడితే లాగ్‌లు ర్యామ్‌లోనే ఉంటాయి. రీబూట్ చేస్తే పోతాయి. కాబట్టి ఏదైనా సమస్యను వెతుకుతున్న రోజుల్లో తాత్కాలికంగా మళ్లీ డిస్కుకు మార్చుకోండి. డెబియన్ 12లో ఆర్‌సిస్‌లాగ్ అనే పాత లాగ్ ప్రోగ్రాము మామూలుగా రాదు. పాత డెబియన్ నుంచి అప్‌గ్రేడ్ చేసుకొని ఉంటే మాత్రం అదే లాగ్‌ను రెండోసారి రాస్తూ ఉండవచ్చు, తీసేయండి. టెంప్ డైరెక్టరీని టెంప్‌ఎఫ్‌ఎస్‌గా ర్యామ్‌లోకి మార్చండి. డెబియన్ 13లో ఇది మామూలు పద్ధతే అయింది.

స్వాప్‌కు (ర్యామ్ చాలనప్పుడు దాని బదులు వాడే చోటుకు) మాత్రం కొంచెం ఆగాలి, ఎందుకంటే 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్ నడిపే యంత్రంలో బ్రౌజర్ తర్వాత అతి పెద్ద అనుమానితుడు అదే. పెన్‌డ్రైవ్ మీద స్వాప్ విభజన గానీ స్వాప్ ఫైలు గానీ ఉంటే తీసేయండి. పూర్తిగా స్వాప్ లేకుండా ఉంచవద్దు; దాని బదులు జెడ్‌ర్యామ్ పెట్టుకోండి. అది ర్యామ్‌లోనే కొంత చోటును కుదించిన స్వాప్‌గా మారుస్తుంది. ఫెడోరా 33 నుంచి, అంటే 2020 నుంచి, అది అక్కడ మామూలు ఏర్పాటు. డెబియన్‌లో జెడ్‌ర్యామ్ టూల్స్ ప్యాకేజీని వేసి, ర్యామ్‌లో సగం పరిమాణం, ఎల్‌జెడ్4 పద్ధతి ఎంచుకుంటే మీ పాత ప్రాసెసర్‌కు భారం కాదు. ఒకటి గుర్తుంచుకోండి: టెంప్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ర్యామ్, ర్యామ్‌లో ప్రొఫైల్ అన్నీ ఆ 4 జీబీలోంచే వాటా అడుగుతాయి. అన్నీ ఒకేసారి పెట్టకుండా ఒక్కొక్కటిగా పెట్టి, రోజు గడిచాక ఫ్రీ కమాండ్‌తో చూసుకుంటూ వెళ్లండి.

ఖాళీ చోటు గురించి ఒక మాట. ఫైళ్లు తొలగించినప్పుడు ఆ చోటు ఖాళీ అయిందని కంట్రోలర్‌కు తెలియదు; ట్రిమ్ ఆదేశంతో చెప్పాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌ను డిస్కార్డ్ ఆప్షన్‌తో నడిపి చూస్తే, చాలా పెన్‌డ్రైవ్‌లకు సున్నాలే కనబడతాయి, అంటే వాటికి ఆ భాష రాదు. ఎస్‌డీ కార్డును బోర్డులోని స్లాట్‌లో నేరుగా పెడితే సాధారణంగా పని చేస్తుంది, యూఎస్‌బీ రీడర్‌లో పెడితే సాధారణంగా చేయదు. పని చేసే పరికరమైతే వారానికొకసారి ఎఫ్‌స్ట్రిమ్ టైమర్ చాలు. సామ్‌సంగ్ తయారు చేయగా 2013లో 3.8 కెర్నల్‌లో చేరిన ఎఫ్2ఎఫ్ఎస్ గురించి కూడా మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. చిల్లర రాతలను వరుస రాతలుగా మార్చడంలో అది నిజంగా మంచిది. అయినా ఫైల్ సిస్టమ్ దెబ్బతిన్న రోజున ఎక్స్‌టీ4 మరమ్మతు సాధనం మీద నాకున్న నమ్మకం దాని సాధనం మీద లేదు. కాబట్టి బ్యాకప్ క్రమంగా తీసుకునే వారికే దాన్ని సూచిస్తాను.

చెరువుల బోర్డుల వంటి, రోజూ ఒకే పని చేసే యంత్రాలకు ఓవర్‌లే పద్ధతి అన్నింటికన్నా గట్టిది. కార్డులోని సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే తెరిచి, మార్పులన్నీ ర్యామ్‌లో పేర్చే ఏర్పాటు ఇది. రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో రాస్పీ కాన్ఫిగ్ నుంచే పెట్టుకోవచ్చు. రాతే లేకపోతే అరుగుదలా లేదు. కానీ మీరు రోజూ ఫైళ్లు మార్చే ల్యాప్‌టాప్‌కు ఇది ఇబ్బంది పెడుతుంది. అప్‌డేట్ చేసిన ప్రతిసారీ దాన్ని ఆపి, మళ్లీ పెట్టాలి. అదే దారిలో వెళ్లాలనుకుంటే, సెషన్ ముగిశాక అడిగి మరీ రాసే పప్పీ లినక్స్‌ను ఒకసారి ప్రయత్నించండి.

ఇంత చెప్పాక కూడా, మీ స్థానంలో నేనుంటే పెన్‌డ్రైవ్‌కు డబ్బు పెట్టను. సాటా కనెక్టర్ పోయినా యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి కదా. చిన్న 120 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి దాని నుంచి బూట్ చేయండి. నీలి రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఉంటే 900 మిల్లీఆంపియర్ల వరకు ఇస్తుంది; యూఎస్‌బీ 2 అయితే 500 మాత్రమే, కొన్ని ఎస్‌ఎస్‌డీలకు రాత సమయంలో అది చాలదు. మళ్లీ పెన్‌డ్రైవే కొనవలసి వస్తే, సిస్టమ్ ఎక్కించే ముందు ఎఫ్3 అనే సాధనంతో నిండా రాయించి, తిరిగి చదివించండి. పైన 32 జీబీ అని ముద్రించి లోపల 8 జీబీ పెట్టినవి మన బజార్లలో నాకు స్వయంగా దొరికాయి. అవి కొన్నాళ్లకు చెడిపోతే అరిగిపోయాయనే అనుకుంటాం.

మీ మొదటి రెండు పెన్‌డ్రైవ్‌లూ నిజంగా అరుగుదలతోనే పోయాయా అన్నది కూడా చూడండి, ఇంకా పారేయకపోతే. వాటిని పూర్తిగా కొత్తగా ఫార్మాట్ చేసి ఎఫ్3తో పరీక్షిస్తే తప్పుల్లేకుండా వస్తే, పోయింది ఫ్లాష్ కాదు, ఫైల్ సిస్టమ్. కారణం కరెంటు పోవడమో, వదులైన పోర్టో అయి ఉంటుంది. మా చెరువుల దగ్గర పోయాయనుకున్న మరో రెండు కార్డులు అలాంటివే. కరెంటుకూ జనరేటర్‌కూ మధ్య మారే ఆ రెండు క్షణాల్లో రాత సగంలో తెగిపోయేది. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్లగ్ తీస్తే ఎంతసేపు నిలుస్తుందో చూసి చెప్పండి. అది కొన్ని సెకన్లలోనే ఆగిపోతుంటే ముందు మార్చవలసింది అదే.

నిజంగా అరిగిన ఫ్లాష్ పోకడ వేరుగా ఉంటుంది. ఫైలు సేవ్ అయినట్టే కనిపిస్తుంది, రీబూట్ చేశాక మాత్రం నిన్నటి ఫైలే ఉంటుంది; లేదా కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఐఓ ఎర్రర్లు వచ్చి, ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమేగా మారిపోతుంది. ఆ దశలో కంట్రోలర్ రాతను ఆపేసింది గానీ చదవడానికి ఇంకా ఒప్పుకుంటోంది. ఫైల్ సిస్టమ్‌ను మరమ్మతు చేసే ఎఫ్‌ఎస్‌సీకేను దాని మీద నడపకండి, మళ్లీ మళ్లీ బూట్ చేసి చూడకండి. వేరే కంప్యూటర్‌కు తగిలించి, మౌంట్ చేయకుండానే, డీడీరెస్క్యూతో మొత్తం పరికరాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా తీసుకోండి. మరమ్మతు ఏదైనా ఆ ఇమేజ్‌కు తీసిన కాపీ మీదే చేయాలి.